పండుగప్ప కొనేముందు: ఏటి మొగదా, చెరువుదా, ఫ్రోజెన్‌దా, దేంతో ఏం వండుకోవాలి

పండుగప్ప అని అడిగితే ఇప్పుడు మార్కెట్‌లో ఒకే పేరు మీద నాలుగు రకాల సరుకు చూపిస్తున్నారు. ఏటి మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, వలలో పడిన చేప ఒకటి, ఉప్పునీటి చెరువులో పెంచింది ఒకటి, మంచినీటి చెరువుది ఇంకోటి, ఇవి కాక సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో ఉండే ఫిల్లెట్. నాలుగూ పండుగప్పే, జాతి కూడా ఒక్కటే, కానీ వండాక రుచి ఒక్కలా ఉండదు. చాలామంది సముద్రందైతే గొప్ప చెరువుదైతే దండగ అనేస్తారు, నేను మాత్రం అది ఒప్పుకోను. ఇంట్లో ఆ రోజు పులుసు పెడుతున్నారా, వేపుడా, చేపని చేపలా ఆవిరి మీద ఉడికిస్తున్నారా అన్నది ముందు తేల్చుకోండి, దాన్ని బట్టి ఏది కొనాలో దానంతటదే తెలుస్తుంది. పులుసుకి ఉప్పునీటి చెరువు చేప చక్కగా సరిపోతుంది, అక్కడ డబ్బు మిగుల్చుకోండి. వేపుడుకీ ఆవిరికీ మాత్రం ఏటి మొగ చేప దొరికితే వదలొద్దు.

అసలు ఈ చేప ఎలా బతుకుతుందో కొంచెం తెలిస్తే ఈ తేడా ఎందుకొస్తుందో అర్థమవుతుంది. పండుగప్ప ఒడ్డుకి దగ్గర్లో, ఏటి మొగల్లో, ఉప్పుటేర్లలో, మడ అడవుల కాలవల్లో నీటి అడుగున ఉండే చేప. వంజరంలాగా రోజంతా ఈదుతూ తిరగదు, ఏ మడచెట్టు వేళ్ళ సందులోనో మునిగిపోయిన దుంగ పక్కనో కదలకుండా కాపేసుకుని ఉంటుంది, రొయ్యో చిన్న చేపో దగ్గరికి రాగానే ఒక్కసారి నోరు తెరిచి నీళ్ళతో సహా లోపలికి లాగేసుకుంటుంది. అలా ఎక్కువ కదలని చేప కాబట్టే కండ తెల్లగా, నూనె తక్కువగా, పెద్ద పెద్ద పొరలుగా విడిపోయేలా ఉంటుంది, నీచు వాసన కూడా తక్కువ. గుడ్లు పెట్టడానికి ఉప్పెక్కువ ఉన్న మొగ దగ్గరికి వస్తుంది, పిల్లలు మళ్ళీ లోపలికి, చప్పటి నీళ్ళలోకి ఎక్కుతాయి. ఇంకో విచిత్రం ఏంటంటే మొదట్లో ఇవి చాలావరకు మగవే, కొన్నేళ్ళు పెరిగాక ఆడగా మారతాయి. అందుకే బాగా పెద్ద పండుగప్ప అంటే దాదాపు ఆడదే అయ్యుంటుంది.

మన దగ్గర గోదావరి మొగలు, కోరంగి మడ అడవుల వైపు, యానాం, అంతర్వేది, కృష్ణా కింద నాగాయలంక వైపు, అటు పులికాట్ దాకా ఇది దొరుకుతుంది. తమిళంలో కొడువా, బెంగాలీలో భెట్కి, మలయాళంలో కాళాంజి, ఆస్ట్రేలియాలో బారముండి, అన్నీ ఇదే. చెరువుల్లో పెంపకం సంగతి చూస్తే, చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపల, రొయ్యల పెంపకం మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్ళు 1997లో హేచరీలో దీని పిల్ల తీయగలిగారు, అంతకుముందు ఏట్లో పట్టిన పిల్లే దిక్కు. ఇప్పుడు కృష్ణా జిల్లా వైపు చాలామంది రైతులు రొయ్యల చెరువుల్లో, చేపల చెరువుల్లో దీన్ని పెంచుతున్నారు. ఇది సొంత జాతి పిల్లల్ని కూడా మింగేసే చేప కాబట్టి సైజుల వారీగా మాటిమాటికీ వేరు చెయ్యాలి, మేత ఖర్చు కూడా ఎక్కువే, ఆ కష్టం చూసిన వాళ్ళెవరూ చెరువు చేప అని తీసిపారెయ్యరు.

ఇప్పుడు రుచి సంగతి. ఉప్పునీళ్ళలో బతికే చేప ఒంట్లో ఆ ఉప్పుని తట్టుకోడానికి కొన్ని అమైనో యాసిడ్లు ఎక్కువ నిలవ చేసుకుంటుంది, కండలో మనకి తగిలే ఆ సన్నటి తీపి వాటి వల్లే. మంచినీటి చెరువులో పెరిగిన దానికి ఆ తీపి తక్కువ. దానికి తోడు పాచి ఎక్కువున్న చెరువుల్లో జియోస్మిన్ అనే పదార్థం తయారవుతుంది, అది చేప కొవ్వులో చేరుతుంది, మనం బురద వాసన అనేది దాన్నే. ఈ జియోస్మిన్ పులుపు తగిలితే విరిగిపోతుంది. మనవాళ్ళు ఏరు, చెరువు చేపల్ని చింతపండు పులుసులోనే ఎక్కువ వండటం వెనకాల ఈ కారణం కూడా ఉందని నా నమ్మకం. కాబట్టి మంచినీటి చెరువు పండుగప్ప తెచ్చుకుంటే కళ్ళు మూసుకుని పులుసుకి వెళ్ళిపోండి, దాన్ని ఆవిరి మీద ఉడికిస్తే ఆ మట్టి వాసన మొత్తం బయటపడి చేప మీదే విరక్తి వస్తుంది. ఉప్పునీటి చెరువుదైతే మధ్యస్తం, పులుసుకి బాగుంటుంది, ఇగురుకి బాగుంటుంది, మసాలా గట్టిగా పట్టించిన వేపుడుకీ పర్లేదు.

అమ్మేవాళ్ళని సముద్రం చేపేనా అమ్మా అనడిగితే ఎవరైనా సముద్రం చేపే బాబూ అంటారు, అందులో వాళ్ళ తప్పేం లేదు, చాలాసార్లు వాళ్ళకీ లారీలో వచ్చిందే తెలుసు. మనమే చూసుకోవాలి. వెన్ను మీద లేత ఆకుపచ్చ ఛాయ, పక్కలు వెండిలా తళతళలాడుతుంటే ఉప్పునీటిది అయ్యే అవకాశం ఎక్కువ, ఒళ్ళంతా నల్లగా మసకగా ఉంటే మంచినీళ్ళలోనో మురుగ్గా ఉన్న నీళ్ళలోనో పెరిగింది అనుకోవచ్చు. రంగొక్కటే నమ్ముకోకుండా పొట్ట కోసేటప్పుడు పక్కనే నిలబడి చూడండి, పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు ముద్దలు ముద్దలుగా ఉంటే అది బాగా మేత తిన్న చెరువు చేప, ఏట్లో వేటాడి తిన్న చేపకి అంత కొవ్వు ఉండదు. ఆ కొవ్వు మొత్తం తీసెయ్యమనండి, బురద వాసన ఎక్కువుండేది అందులోనే, పొట్ట లోపల నల్లటి పొర ఉంటే అది కూడా గీకించండి.

తాజాదా కాదా అన్నది వేరే సంగతి, అది అన్నిటికంటే ముందు. తాజా చెరువు చేప ముందు మూడ్రోజులు ఐసులో పడున్న సముద్రం చేప ఎందుకూ పనికిరాదు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. చేపని చేత్తో పట్టుకుని మొప్ప పైకెత్తండి, కానీ జాగ్రత్త, పండుగప్ప మొప్ప మూత అంచు బ్లేడులా ఉంటుంది, వేళ్ళు తెగుతాయి, బొటనవేలు మూత బయటివైపు పెట్టి మెల్లిగా లేపాలి. లోపల ముదురు ఎరుపు ఉండి జిగురు పల్చగా, తేటగా ఉంటే మంచిది, గోధుమ రంగులోకి తిరిగి జిగురు పాలలా చిక్కబడితే వద్దు. కన్ను ఉబ్బెత్తుగా తేటగా ఉండాలి. వెన్ను దగ్గర వేలితో నొక్కి వదిలితే గుంట నిలవకూడదు, పొట్ట దగ్గర మెత్తగా జారిపోతుంటే ఇంక అక్కడి నుంచి కదిలిపోండి. ముక్కలు కొట్టి ట్రేలో పెట్టినవి వీలైనంతవరకు కొనొద్దనే నా సలహా, ఎందుకంటే మొప్పా కన్నూ లేకుండా మీరు చూడ్డానికి ఏం మిగలదు.

ఇంకో మోసం కూడా ఉంది, ఫిల్లెట్ రూపంలో. కోల్‌కతాలో భెట్కి పేరుతో బాసా అనే చవక రకం చేప ఫిల్లెట్ పెట్టేయడం ఎప్పట్నుంచో అందరికీ తెలిసిన గొడవే, మన దగ్గర హోటళ్ళలో, ఆన్‌లైన్లో ఫిల్లెట్ కొనేటప్పుడు కూడా అది గుర్తుపెట్టుకోవాలి. బాసాకి పొలుసు ఉండదు, ముక్క మెత్తగా నీళ్ళోడుతూ ఉంటుంది, వండితే పెనం మీద నీళ్ళు వదులుతుంది. పండుగప్ప ఫిల్లెట్ తోలుతో ఉన్నది అడగండి, తోలు మీద పెద్ద పెద్ద పొలుసుల అచ్చులు కనపడతాయి, అది చాలు గుర్తుపట్టడానికి. చేప మొత్తంగా ఉంటే ఇంకా తేలిక, నుదురు దగ్గర లోపలికి నొక్కినట్టు వంపు, కన్ను దాటి వెనక్కి వెళ్ళే పెద్ద నోరు, గుండ్రటి తోక.

సైజు విషయానికొస్తే మనకి పెద్దది అంటే మోజు ఎక్కువ, పెళ్ళిళ్ళకీ సంక్రాంతి అల్లుళ్ళకీ ఐదారు కిలోల చేప తేవాలనుకుంటారు. పులుసుకి రెండు నుంచి నాలుగు కిలోల మధ్య చేప నాకు నచ్చుతుంది, ముక్క గుండ్రంగా నిండుగా వస్తుంది, నడిముల్లు చుట్టూ కండ బాగా ఉంటుంది, పులుసులో విరగదు. కిలో లోపు దాన్ని పులుసుకి కొట్టిస్తే ముక్కలు చిన్నవై పోతాయి, దాన్ని చేపని చేపలా వండుకోడమే మేలు. ఆరు కిలోలు దాటితే కండ ముతకబడుతుంది, మసాలా లోపలికి వెళ్ళదు, అంత పెద్దవి ఏట్లో గుడ్లు పెట్టే ఆడ చేపలు కూడా, వాటిని వదిలేస్తేనే మొగల్లో మళ్ళీ పిల్ల ఉంటుంది. కాబట్టి పదిమందికి వండాలంటే ఒక పెద్ద చేప బదులు రెండు మూడు కిలోలవి రెండు తీస్కోండి, రెండు తలకాయలు కూడా వస్తాయి.

తలకాయ అన్నాను కదా, అది మాత్రం అక్కడ వదిలేసి రావొద్దు. పండుగప్ప బుగ్గల దగ్గర, మెడ దగ్గర ఉండే కండ మొత్తం చేపలోకెల్లా మెత్తన. మొప్పలు పూర్తిగా తీయించి, నిలువుగా రెండుగా చీల్పించి, పులుసులో ముందు తలకాయే వేసి ఐదు నిమిషాలు ఉడికాక మిగతా ముక్కలు వెయ్యండి, పులుసుకి చిక్కదనం దాని జిగురు వల్లే వస్తుంది.

పులుసు కిలో ముక్కలకి నేను చెప్పే లెక్క ఇది. ముక్కలకి పసుపు, కల్లుప్పు, కాస్త నిమ్మరసం రాసి పది నిమిషాలాగి రెండు మూడు నీళ్ళు మార్చి కడగండి, చెరువు చేపైతే ఈ పని అస్సలు తప్పించొద్దు. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి చిక్కగా పిండుకోండి. వెడల్పాటి మట్టి దాకలో నూనె కొంచెం ధారాళంగానే వేసి, సన్నగా తరిగిన మూడు ఉల్లిపాయలు, ఆరేడు చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు మగ్గనిచ్చి, అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చి వాసన పోయాక మూడు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి వేసి వెంటనే చింతపండు రసం, తగినన్ని నీళ్ళు పోసేయండి, కారం మాడితే పులుసు చేదెక్కుతుంది. ముక్కలు వెయ్యకముందే పులుసుని పది నిమిషాలు బాగా మరగనివ్వాలి, చాలామంది ఇక్కడే తొందరపడి ముక్కలు వేసేసి, పులుసు మరగడం కోసం ముక్కల్ని కూడా అరగంట ఉడికించేస్తారు, ఈ చేపకి అంత అక్కర్లేదు. నూనె అంచుల్లో తేలడం మొదలయ్యాక ముక్కలు పక్కపక్కన పేర్చి, సన్న మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, గరిటె పెట్టకుండా దాక అంచులు గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పడమే. నాలుగు బెండకాయలు వేస్తే వేసుకోండి, వేసవిలో పుల్ల మామిడికాయ ముక్కలు వేస్తే చింతపండు సగం తగ్గించండి. చివర్లో అర చెంచా వేయించిన మెంతి జీలకర్ర పొడి, కొత్తిమీర. దించిన వెంటనే తినకండి, పొద్దున వండి మధ్యాహ్నం తింటే పులుపు ముక్కలోకి దిగుతుంది.

వేపుడుకి ఎంపిక మారుతుంది. ఒకటిన్నర రెండు కిలోల ఏటి మొగ చేప, అర అంగుళం మందంలో ముక్కలు, తోలు తీయించకుండా. పొలుసు మాత్రం దగ్గరుండి గట్టిగా గీకించండి, పండుగప్ప పొలుసు దళసరి, ఒక్కటి మిగిలినా పంటికింద గట్టిగా తగులుతుంది. కారం, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, ఒక చెంచా బియ్యప్పిండి, నిమ్మరసం చివర్లో కలపండి. నిమ్మరసంతో గంటలు గంటలు నానబెడితే పులుపుకి కండ బిగిసి రబ్బరులా అయిపోతుంది, ఇరవై నిమిషాలు చాలు. పెనం బాగా కాలాకే ముక్క వెయ్యాలి, వేశాక మూడు నాలుగు నిమిషాలు ముట్టుకోవద్దు, అడుగు పట్టు వచ్చాక ముక్క దానంతటదే పెనం వదులుతుంది, అప్పుడే తిప్పాలి. పెళ్ళి భోజనాల్లోలా నూనెలో ముంచి వేయించడం ఈ చేపకి నాకస్సలు ఇష్టం ఉండదు, తెల్ల కండ ఎండిపోతుంది, ఆ పని బడ్డీ మీద చిన్న చేపలకి బాగుంటుంది.

చేపని చేపలా వండాలనుకుంటే కిలో లోపు చేప, అది కూడా తాజా ఉప్పునీటిదే. మనవైపు ఈ అలవాటు తక్కువ గానీ థాయిలాండ్‌లో ఇదే పండుగప్పని వెల్లుల్లి, పచ్చిమిర్చి, నిమ్మరసంతో ఆవిరి మీద ఉడికిస్తారు, మలేషియాలో ఉండే మన తెలుగువాళ్ళకి సియాకప్ అంటే ఇదే. చేపకి రెండు వైపులా మూడేసి గాట్లు పెట్టి, పొట్టలో అల్లం ముక్కలు, కొత్తిమీర కాడలు కుక్కి, మరుగుతున్న నీళ్ళ మీద పదిహేను నిమిషాలు. వెన్ను దగ్గర చెంచాతో కదిపితే కండ ముల్లు వదిలి తెల్లగా పొరలుగా రావాలి, ఇంకా గాజులా మెరుస్తుంటే రెండు నిమిషాలు ఎక్కువ ఉంచండి. బెంగాల్ వాళ్ళు ఫిల్లెట్‌కి ఆవాల ముద్ద రాసి అరిటాకులో చుట్టి ఉడికించే పాతురి కూడా ఈ చేపకే పుట్టినట్టు ఉంటుంది, ఆవ పెట్టిన కూరలు తినే గోదావరి ఇళ్ళలో అది తప్పకుండా నచ్చుతుంది.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్ళకి చేప అంటే ఎక్కువగా ఫ్రోజెన్ బారముండి. ఆస్ట్రేలియాలోనైతే తాజాది కూడా దొరుకుతుంది, అక్కడ ఏట్లో పట్టింది, ఫారంలో పెంచింది రెండూ అమ్ముతారు, పైన చెప్పిన ఎంపికే అక్కడా వర్తిస్తుంది. అమెరికాలో దొరికే ఫ్రోజెన్ ఫిల్లెట్లలో వియత్నాం నుంచి వచ్చేవి ఎక్కువ చూస్తాం, సముద్రంలో కేజుల్లో పెంచినవి కాబట్టి బురద వాసన సమస్య ఉండదు, అది పెద్ద ప్లస్. కానీ ముల్లు లేదు, తలకాయ లేదు, పులుసుకి చిక్కదనం రాదు. దానికి రెండు దారులు. ఏషియన్ స్టోర్‌లో పొట్ట తీసిన మొత్తం చేప ఫ్రీజర్‌లో దొరికితే అదే తెచ్చి ముక్కలు కొట్టించుకోండి, పులుసుకి అదే బెస్ట్. లేకపోతే ఫిల్లెట్‌తోనే చేస్తూ పులుసు మొత్తం విడిగా మరిగించి చిక్కబరిచాక, స్టవ్ కట్టడానికి ఐదారు నిమిషాల ముందు మాత్రమే ముక్కలు వెయ్యండి. ఫిల్లెట్‌ని వేపుకుంటే మాత్రం ఏ బాధా లేదు, టిష్యూతో తడి పూర్తిగా అద్ది, తోలు వైపు కిందకి పెట్టి ముప్పాతిక వంతు టైం అటే కాల్చి, చివర్లో ఒక్క నిమిషం తిప్పితే చాలు. కరిగించడం ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి చెయ్యండి, వేడినీళ్ళలో వేస్తే ముక్క చీలికలవుతుంది.

మిగతా చేపలతో పోలిస్తే పండుగప్ప ఎక్కడ నిలబడుతుంది అని కూడా అడుగుతుంటారు. పిల్లలకీ పెద్దవాళ్ళకీ పెట్టాలంటే నా ఓటు దీనికే, నడిముల్లు, పక్కటెముకలు తీసేస్తే సన్న ముళ్ళ గొడవ చాలా తక్కువ, శీలావతి బొచ్చెల్లో ఉండే చీలిక ముళ్ళు ఇందులో ఉండవు. పులసతో దీన్ని పోల్చొద్దు, పులస కొవ్వు చేప, వానాకాలం చేప, దాని రుచి వేరు దాని ముళ్ళు వేరు. వంజరం వేపుడుకి రాజు, అది ఒప్పుకుంటా, కండ గట్టిగా ఉంటుంది, కానీ పులుసులో పండుగప్ప ముక్క పులుపు పీల్చుకున్నట్టు వంజరం పీల్చదు. చందువ చిన్నకుటుంబానికి బాగుంటుంది గానీ అదే డబ్బుకి పండుగప్పలో కండ ఎక్కువ వస్తుంది. కొరమేను బాలింతలకీ జబ్బు చేసి లేచినవాళ్ళకీ పెట్టే అలవాటు తెలంగాణలో ఉంది, ఆ బతికున్న కొరమేను దొరికే చోట దాన్నే కొనండి, హైదరాబాద్ దాకా ఐసులో ప్రయాణం చేసొచ్చిన పండుగప్ప కోసం పట్టుబట్టక్కర్లేదు.

టైం కూడా చూసుకోవాలి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టుకునే కాలం అని. ఆ 61 రోజుల్లో సముద్రం పండుగప్ప అని ఎవరైనా కుప్పలు కుప్పలుగా అమ్ముతుంటే అది చెరువుదో, ముందే ఫ్రీజ్ చేసిందో అయ్యే అవకాశం ఎక్కువ, నాటు పడవల మీద వలేసి తెచ్చేది కొద్దిగానే ఉంటుంది. కాబట్టి ఆ రెండు నెలలూ నేరుగా చెరువు చేపే అడిగి తాజాగా తీస్కోండి, ఎలాగూ మామిడికాయల కాలం, పులుసే పెట్టుకుంటాం. వేపుళ్ళ ముచ్చట వేట మళ్ళీ మొదలయ్యాక కాకినాడ, గిలకలదిండి, విశాఖ హార్బర్లకి పొద్దున్నే వెళ్ళగలిగిన రోజు తీర్చుకోవచ్చు.

ఊరి నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో పట్టుకెళ్ళేవాళ్ళు ముక్కలు కొట్టించి తీసుకెళ్తుంటారు, అలా వద్దు, పొట్ట, మొప్పలు తీయించి చేపని మొత్తంగానే ఐసులో పెట్టించండి, పొట్టలో కూడా ఐసు నింపమనండి, కరిగిన నీళ్ళు బయటికి పోయేలా పెట్టెకి కింద దారి ఉండాలి. ఇంటికి చేరాక ముక్కలు కొట్టించి, ఆ రోజుకి కావాల్సినవి ఉంచుకుని, మిగతావి కడిగి తడి అద్ది ఒక్క పూటకి సరిపడా చొప్పున కవర్లలో గాలి లేకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, ఉప్పూ పసుపూ రాసి పెట్టక్కర్లేదు, ఉప్పు ముక్కలోని నీటిని లాగేస్తుంది. నెల లోపు వాడేయండి, అలా దాచిన ముక్కల్ని పులుసుకే వాడండి, వేపుడుకి తియ్యొద్దు.